ఎడమవైపు టైరు

నిరుడు సంక్రాంతికి మేము కారు కొన్నాము. ఎండలు ముదిరి మే నెల వచ్చేలోగా దానికి అయిదుసార్లు గాలి పోయింది. ఆ నాలుగు నెలల్లో నా పెద్దరికానికి యెన్నిసార్లు గాలి పోయిందో ఆ లెక్క వేరే వుంది. అది కాస్తా యీ వారం మీతో చెప్పుకుంటే గాని నాకు మనసు కుదుటపడేటట్టు లేదు.

కారంటే మామూలు కారు కాదు, కరెంటు కారు. పెట్రోలు అడగదు, పొగ వదలదు, చప్పుడు చెయ్యదు. "మన యింట్లో నోరెత్తకుండా పనిచేసేది అదొక్కటే" అని మా ఆవిడ దానికి యోగ్యతాపత్రం కూడా యిచ్చింది. మిగతా వారిలో నన్నే వుద్దేశించిందని వేరే చెప్పనక్కరలేదు.

మాది గోదావరిఖని. 1961లో సింగరేణి వారు యిక్కడ బొగ్గు తియ్యటం మొదలుపెట్టారు. గనిని మావైపు బాయి అంటారు. పక్కనే రామగుండం. అక్కడి ఎన్.టి.పి.సి. వారి మొదటి యూనిట్టు 1983లో వచ్చింది; యిప్పుడా స్టేషను శక్తి 2600 మెగావాట్లు. 2022 నుంచి జలాశయం మీద తేలే సూర్యఫలకాలతో మరో 100 మెగావాట్లు తీస్తున్నారు. మా బాపు ముప్పైతొమ్మిదేళ్లు బాయిలో పనిచేసి 2010లో దిగిపోయాడు. మొదట్లో తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన మనిషి. కారుకు మొదటిసారి చార్జింగు పెట్టిననాడు ఆయన అరుగుమీద కూచుని చాలాసేపు ఆ తీగవంక చూశాడు.

"అంటే మా బాయి బొగ్గే నీ కారుకు మేతన్నట్టు" అన్నాడు చివరికి.

"అంతే బాపూ" అన్నాను.

"మరి కడుపునిండ తింటాంది గని, కాళ్లు గట్టిగున్నయా?"

పెద్దల నోట వచ్చిన మాట వూరికే పోదు. ఫిబ్రవరిలో మొదటిసారి కాళ్ల దగ్గరే దెబ్బ తగిలింది. కాలేజీకి వెళుతుంటే స్టీరింగు ముందున్న అద్దంలో పచ్చటి దీపం ఒకటి వెలిగింది. నేను తెలుగు ఎం.ఏ.ని. దీపం కనబడితే దణ్ణం పెట్టటమే గాని దాని అర్థం వెతికే అలవాటు లేదు. మరో రెండు ఫర్లాంగులు పోయేసరికి కారు ఒకవైపు వొరిగినట్టయింది. దిగి చూద్దును గదా, వెనక ఎడమ టైరు నేలకు అంటుకుపోయి వుంది.

స్టెప్నీ తీద్దామని డిక్కీ తెరిచాను. స్టెప్నీ లేదు. దాని చోట ఒక చిన్న గాలిపంపూ, ఒక సీసాలో తెల్లటి ద్రవమూ వున్నాయి. కారు కొనేటప్పుడు రంగు చూశాం, సీట్లు చూశాం, కొబ్బరికాయ కొట్టటానికి ముహూర్తం చూశాం. అయిదో చక్రం వుందా లేదా అని యెవరమూ చూడలేదు. ట్యూబులేని టైర్లూ, గాలి తగ్గితే చెప్పే దీపమూ, రంధ్రం పూడ్చుకునే సరంజామా వున్న చిన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రప్రభుత్వం నిబంధన మార్చింది. ఆ చోటు మిగిలితే బ్యాటరీలవంటి వాటికి పనికొస్తుందని కూడా ఒక కారణం చెప్పారు. నిబంధన మంచిదే కావచ్చు. కాని అది నాకు తెలిసింది నడిరోడ్డు మీద.

స్టెప్నీ అనే మాట వుంది చూశారూ, దాని వెనక చిన్న కథ వుంది. తొలిరోజుల్లో కార్లకు అదనపు చక్రమే వుండేది కాదు. గాలి పోతే దారిపక్కన కూచుని మరమ్మతు చేసుకోవలసిందే. 1904లో వేల్సు దేశంలోని లానెల్లీ అనే వూళ్లో డేవిస్ సోదరులు ముందే గాలి నింపిన వలయం ఒకటి తయారుచేసి, పాడైన చక్రానికి బిగించుకోవచ్చునన్నారు. వాళ్ల దుకాణం వున్న వీధి పేరు స్టెప్నీ వీధి. ఆ వీధి పేరే సరుకుకు పేరయింది. అది మన దేశానికి వచ్చి మన నోళ్లలో నిలిచిపోయింది. ఇంగ్లండులో యీనాడు ఆ మాట అంటే చాలామందికి తెలియకపోవచ్చు గాని, గోదావరిఖని బస్టాండులో ఆటో నడిపే కుర్రవాణ్ని అడగండి, ఠక్కున చూపిస్తాడు.

ఆ రోజున యెవరో చెబితే పంక్చరాయన వచ్చాడు. కాలేజీ మలుపుకు రెండు ఫర్లాంగుల్లో అతని రేకుల షెడ్డు వుంది. ముప్పైయైదేళ్లుంటాయి. టైరులోంచి అంగుళంన్నర బోల్టు పీకాడు. జిగురు పూసిన పురికొసలాంటి పట్టీని సూదితో రంధ్రంలోకి దూర్చి, మిగిలింది కోసేసి, గాలి నింపి వంద రూపాయలు తీసుకున్నాడు. పది నిమిషాల పని. నేను ముచ్చటపడ్డాను.

పదిహేను రోజులకు మళ్లీ అదే టైరుకు మేకు దిగినప్పుడు అంత ముచ్చట పడలేదు. మార్చి చివర మూడోసారి రాత్రికి రాత్రే గాలి దిగిపోయింది. ఈసారి మేకూ లేదు, బోల్టూ లేదు. చక్రాన్ని విప్పి నీళ్లతొట్టిలో తిప్పితే రిమ్ము అంచుదగ్గర సన్నగా బుడగలు వచ్చాయి. ఏదో గుంతలో పడి రిమ్ము వొంగిందన్నాడు. సుత్తితో సరిచేశాడు. ఏప్రిల్లో నాలుగోసారి రాజీవ్ రహదారి మీద, రాత్రిపూట, ముందు ఎడమ టైరు. అప్పుడు ఆ తెల్లద్రవం సీసా టైరులోకి వొంపి, పంపుతో గాలికొట్టి, మెల్లగా యిల్లు చేరాను. ఖాళీ సీసాను మా ఆవిడ కిటికీలో పెట్టి మనీప్లాంటు నాటింది. కొత్త సీసా కొనాలన్న ఆలోచన మా యిద్దరికీ రాలేదు.

కరెంటు కార్లకే యీ రోగం వున్నదా అని నేను పుస్తకాలు తిరగేశాను. చిత్రమైన విషయాలు దొరికాయి. గాలి నింపిన చక్రానికి 1845లోనే రాబర్ట్ థామ్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. లోకం పట్టించుకోలేదు. తరవాత బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని రబ్బరుగొట్టంలో గాలి నింపి చూశాడు. 1888లో పేటెంటు పొందాడు. తీరా అది థామ్సన్ ముందే కనిపెట్టినదని తేలి ఆ పేటెంటు చెల్లకుండా పోయింది. మిషెలిన్ సోదరులు 1895లో పారిస్ నుంచి బోర్డోకు పోయి తిరిగివచ్చే పందెంలో గాలి టైర్లతో కారు దింపారు. దారి పొడుగునా పంక్చర్లే. అయినా పట్టు వదల్లేదు. నాలుగేళ్లు తిరగకుండా, 1899లో, గంటకు వంద కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి కారు వాళ్ల టైర్ల మీదనే పరుగెత్తింది. నడిపినవాడు బెల్జియం దేశస్థుడు జెనాట్జీ. ఆ కారు ఏ కారనుకున్నారు? కరెంటు కారే! దాని పేరుకు "ఎన్నడూ తృప్తిపడనిది" అని అర్థం. ఈ సంగతి మా ఆవిడకు చెప్పి ఆమెవంక చూశాను. "మీ అమ్మ పేరా?" అన్నది.

ఇంతకూ తేలిందేమిటంటే, మేకుకు కరెంటుకారూ పెట్రోలుకారూ అన్న భేదం లేదు. బరువులోనే తేడా. నా కారు అడుగున బ్యాటరీయే రెండుమూడు వందల కిలోలుంటుంది. ఆ బరువంతా టైర్ల మీదే. పైగా కాలు ఆనించగానే మోటారు తన బలమంతా ఒక్కసారి చూపిస్తుంది. దూకుడుగా నడిపితే టైరు త్వరగా అరుగుతుంది. అరిగిన టైరులోకి మేకు సులువుగా దిగుతుంది.

ఇంత చదివినవాణ్ని చెయ్యకూడని పని ఒకటి చేశాను. నాలుగో పంక్చరు తరవాత కాలేజీలో, మా ఉపాధ్యాయుల గదిలో, ఒక మిత్రుడు నవ్వుతూ అన్నాడు: "ఇంకా తెలియలేదా మీకు? మేకులు చల్లేది అతనే. షాపుకు రెండు ఫర్లాంగుల లోపలే అన్నీ యెందుకు దిగుతున్నాయి?"

ఆ మాట నా చెవిలో దిగింది. మేకైతే పట్టుకారుతో పీకెయ్యవచ్చు. ఇది పీకినకొద్దీ లోపలికి పోయింది. నాలుగింటిలో మలుపు దగ్గర దిగినవి రెండే. ఒకటి రిమ్ము తప్పు. ఇంకొకటి వూరికి ఆమడదూరాన రహదారి మీద. అయినా నా లెక్కలో నాలుగూ అతనివే అయ్యాయి. మరునాడు నేనే మరొకరికి చెప్పాను. వారం తిరిగేసరికి మా గదిలో అందరికీ అదే నిజమైపోయింది. నేను పోలీసుస్టేషనుకు వినతిపత్రం కూడా రాశాను. భాష మీద అధికారం వుంది గదా, చాలా బాగా కుదిరింది. దాన్ని చొక్కాజేబులో పెట్టుకుని మంచిరోజు కోసం చూస్తున్నాను.

మే నెలలో మా అమ్మాయికి ప్రవేశపరీక్ష. కేంద్రం కరీంనగరం అవతల. మాకు అరవై కిలోమీటర్ల పైచిలుకు. తొమ్మిదింటికి పరీక్ష, నిమిషం ఆలస్యమైతే గేటు దాటనివ్వరు. రెండేళ్లుగా ఆ పిల్ల తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుతున్నది. ఆ రోజు అయిదింటికి తలుపు తీసి చూస్తే కారు ఎడమవైపు వొరిగి వుంది. వెనక టైరు. సీసాలో మనీప్లాంటు వుంది.

అమ్మాయి ఒక్కమాట అనలేదు. హాల్‌టిక్కెట్టు గుండెకు ఆనించుకుని మెట్లమీద కూచున్నది. మా ఆవిడ బస్సన్నది. బస్సు దిగి ఆ కేంద్రానికి చేరేసరికి యెంతవుతుందో నాకు లెక్క తేలలేదు. నేను ఫోనుల మీద ఫోనులు చేస్తున్నాను. ఆ గంటలో యెవరు యెత్తుతారు?

బాపు కనిపించలేదు. పావుగంటలో ఒక మోపెడు చప్పుడు వినిపించింది. వెనకసీటు మీద బాపు, చేతిలో టార్చి. ముందు పంక్చరాయన, కాళ్లమధ్య జాకీ. షెడ్డులో పడుకున్నవాణ్ని బాపు నడిచిపోయి లేపుకొచ్చాడు.

"సార్, గీ కార్లకు అడుగున బ్యాటరీ ఉంటదట గద. జాకీ ఏడ పెట్టాలె?" అన్నాడతను దిగుతూనే.

నాకు తెలియదు. కారుతో యిచ్చిన పుస్తకం తీశాను. బాపు టార్చి పట్టాడు. జాకీ ఆనించవలసిన గుర్తులు పక్కనున్న అంచుకింద వుంటాయనీ, మరెక్కడ ఆనించినా బ్యాటరీ పెట్టెకు దెబ్బ తగులుతుందనీ వుంది. అతను నేలమీద వెల్లకిలా పడుకుని, "మీరు సదువుండ్రి సార్, నేను పెడ్త" అన్నాడు. ఇరవైయేళ్ల వుద్యోగంలో నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్న విద్యార్థి నాకు దొరకలేదు.

టైరులోంచి వంకర తిరిగిన యినుపకొక్కెం ముక్క వచ్చింది. లారీ పట్టాకు తాడు బిగించేది. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. అయిదువందల నోటు యిచ్చాను. "వందే సార్. బిడ్డ పరీక్షకు పోతాంటె ఎక్కువెట్ల తీసుకుంట?" అని మిగతావి తిరిగి యిచ్చాడు. ఆ నోట్లను జేబులో పెట్టుకోబోతే వేలికి మడతపెట్టిన కాగితం తగిలింది. ఏ కాగితమో మీకు తెలుసు.

అమ్మాయి ఎనిమిదిన్నరకల్లా గేటు దాటింది.

సాయంత్రం తిరిగివచ్చి షెడ్డుకు వెళ్లాను. పట్టీ తాత్కాలికమేననీ, టైరు విప్పి లోపలివైపు నుంచి అతుకు వేస్తే గట్టిగా వుంటుందనీ అతనే పొద్దున చెప్పాడు. పని చేస్తూ నా ముందు ఒక పాత డబ్బా బోర్లించాడు. మేకులు, బోల్టులు, కొక్కేలు, బేరింగు ముక్కలు, గొలుసు లంకెలు.

"గీ మలుపుకాడ దిగినయే సార్ ఇవన్ని. లారీ తిరిగినప్పుడు ఊడిపడ్తయి. బొగ్గులారీ, బూడిదలారీ, ఇసుకలారీ, ఏదైతేంది. చక్రాల గాలికి నడిమి రోడ్డు సాఫైతది, సరుకంత మార్జినుకు చేరుతది. మీరేమో మంచోళ్లు. లారీ కనవడంగనే ఎడమదిక్కు దిగి దారిస్తరు."

"అయితే వెనక టైరుకే యెందుకు దిగుతుంది?"

"పండుకున్న మేకు ఏం జేస్తది సార్? ముందుచక్రం ఎక్కి లేపుతది. లేచి నిలవడంగనే ఎనకదానికి గుచ్చుకుంటది."

అయిదుసార్లూ ఎడమవైపే. అందులో నాలుగుసార్లు వెనకదే. నేను షాపు యెంతదూరమో కొలిచాను గాని, టైరు ఏవైపుదో చూసుకోలేదు.

అతను అతుకు రుద్దుతూ తల యెత్తకుండానే అన్నాడు: "నేనే చల్తనంటరు సార్ కొందరు. మేకులు కొననీకి నాకు పైసలు కావాలె గద? రోడ్డే ఉత్తగ ఇస్తాంది."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. అతనికి తెలుసునో తెలియదో నేను అడగలేదు. క్షమించమని కూడా అనలేదు. అందుకు కావలసిన ధైర్యం ఎం.ఏ. పాఠ్యగ్రంథాల్లో యెక్కడా నాకు దొరకలేదు. కాని మరునాడు మా ఉపాధ్యాయుల గదిలో, ఆ మాట పుట్టినచోటనే, అందరూ వుండగా, "నేను అన్నది అబద్ధం" అని చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. ఒకరు టీ తెప్పించారు. చెప్పిన మాట చేరినచోటుకల్లా వెనక్కి తీసుకున్నమాట చేరుతుందన్న నమ్మకం నాకు లేదు. అయినా అనవలసింది అన్నాను.

మా బాపు మాటలతో ఆగే మనిషి కాదు. పాత స్పీకరులోని అయస్కాంతం ఒకటి వూడదీసి చేతికర్ర చివర కట్టించుకున్నాడు. పొద్దున్నే షికారు వెళ్లి ఆ మలుపులో మార్జిను పొడుగునా కర్ర ఆడిస్తాడు. ఆయన వెంట బాయిల్లో దిగిపోయిన మరో ముగ్గురు ముసలివాళ్లు. వచ్చేటప్పుడు తలా గుప్పెడు యినుము తెచ్చి పంక్చరాయన డబ్బాలో వేస్తారు.

నేను వినతిపత్రం తిరగరాశాను. ఈసారి పోలీసులకు కాదు. మలుపు వూడిపించమనీ, లారీల పట్టాలూ నట్లూ సరిచూడమనీ రోడ్డుకు సంబంధించిన ఆఫీసుకు. ముందు సంతకం పంక్చరాయన పెట్టాడు. "నీ గిరాకీ పోతుందేమో" అన్నాను.

"కారుకు గాలిపోతే తిప్పలైతది సార్, గంతే. మోటార్‌సైకిల్‌కు గాలిపోతే మనిషి లారీ కిందనే. గసొంటి గిరాకి నాకద్దు" అన్నాడు.

ఆఫీసువారు రెండుసార్లు వూడిపించారు. తరవాత మళ్లీ మామూలే. మళ్లీ రాశాం. రాస్తూనే వుంటాం.

ఇక, నావలెనే యీ కార్లు కొన్నవాళ్లకు నాలుగు మాటలు. ఆ పచ్చదీపం అలంకారం కాదు, వెలగగానే ఆగండి. గాలి పోయిన టైరు మీద నాలుగడుగులు పోయినా పక్కగోడలు నలిగిపోతాయి. పక్కగోడ చిరిగితే అతుకు నిలవదు, టైరు మార్చవలసిందే. తెల్లద్రవం సీసాకు గడువు తేదీ వుంటుంది, వాడితే కొత్తది కొనండి. మొక్కలకు వేరే సీసాలున్నాయి. తాడుకట్టి లాగించకండి, చక్రాలతోపాటు మోటారూ తిరిగి చెడిపోతుంది, కారును పూర్తిగా పైకెత్తుకుపోయే బండినే పిలవండి. ఈ కారుకు చప్పుడు లేదు గనక టైరులో మేకు దిగితే టిక్కుటిక్కుమని వినిపిస్తుంది. రేడియో కట్టి వినండి. దూరప్రయాణమైతే డిక్కీలో ఒక చక్రం వేసుకోండి, సామానుకు చోటు తగ్గితే తగ్గనివ్వండి. అన్నిటికంటే ముఖ్యం, లారీకి దారి యివ్వండి గాని మార్జినులోకి దిగకండి. వేగం తగ్గించి వెనకనే వుండండి.

మా అమ్మాయికి సీటు వచ్చింది. కిటికీలో మనీప్లాంటు బాగానే పాకుతున్నది. డిక్కీలో కొత్త సీసా వుంది. కారుకు యెనిమిది నెలలుగా గాలి పోలేదు. ఆదివారంనాడు షెడ్డుకు వెళ్లి నాలుగు టైర్లూ చూపించుకుంటాను. రెండు వారాలు కుదరక వెళ్లకపోతే, మొన్న బజారులో అతనే యెదురై ఆపాడు.

"ఏంది సార్, ఈ నడుమ కనబడ్తలేరు?"

"గాలి సరిగానే వుందయ్యా" అన్నాను.

"గాలి పోతెనే రావాల్నా సార్?" అన్నాడు.

సమాధానం తోచలేదు. రేపు ఆదివారం, వెళ్లాలి.